ముందే కాల్చేసిన గడ్డి బొమ్మలు

ఏడాదికోసారి పలాస వెళ్ళి, ఒక కొట్లో కూర్చున్న కుర్రాడి ముందు నేను బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి. పింఛను వాళ్ళ నియమం. మనిషి కనబడితే చాలదు, మాట్లాడితే చాలదు, ఆ కుర్రాడితో కలిసి టీ తాగినా చాలదు. బొటనవేలు యంత్రం మీద పెట్టాలి, యంత్రం ఒప్పుకోవాలి. మొన్న ఒప్పుకోలేదు. ఆ కుర్రాడు నా పది వేళ్ళూ వరసగా పెట్టించాడు. తుడిపించాడు. వేళ్ళు తలకి రాసుకుని నూనె అంటించుకోమన్నాడు. తలమీద నూనె రాయడానికి ఏమీ మిగల్లేదన్న సంగతి ఇద్దరం కాసేపు మర్యాదగా పట్టించుకోలేదు. ఆఖరికి, "మాస్టారూ, మీకు గీతలు నేవు" అన్నాడు, నేనేదో అశ్రద్ధగా బస్సులో పారేసుకున్నట్టు.

"ఎదురుగా ఉన్నాను కదయ్యా" అన్నాను.

"మీరున్నారు సార్. సిస్టంలో రావట్లేదు."

గీతలు ఎక్కడ పోయాయో నాకు తెలుసు. జీడి పిక్కలు కాల్చి వలిచిన చేతులు నావి. ఉద్దానంలో పుట్టినవాడికి ఇది చెప్పక్కర్లేదు. పిక్క కాలినప్పుడు కక్కే నల్లటి నూనె చేతికంటితే తోలు ఊడి వస్తుంది, మళ్ళీ వచ్చే తోలు ఎవరిదో తోలులా ఉంటుంది. చిన్నప్పుడు దాని వల్ల తన్నులు తిన్నాను. ముసలితనంలో దాని వల్ల చచ్చిపోయాను.

మూడోసారి రమ్మని ఆ కుర్రాడు చెప్పినప్పుడు నాకు చిరాకు వచ్చిన మాట నిజమే గాని, మా ఇంట్లో ఇలాంటి చిరాకు పడినవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాను. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, బతికి ఇంటికొచ్చేసరికి ఆవిడకి దినం కూడా అయిపోయింది.

మాది సముద్రం పక్క ఊరు. వెనకాల కొబ్బరి, జీడి, పనస తోటలు, ముందు ఇసక, దాని ముందు నీళ్ళు. ఆ రోజుల్లో మా వాళ్ళకి చేపల వేట లేకపోతే రంగమే. రంగం అంటే రంగూన్. ఇప్పుడు దుబాయి అన్నట్టు అనేవారు, అంతే తేలిగ్గా, అంతే అబద్ధంగా. మా తాత అక్కడ ఓడరేవులో బస్తాలు మోసేవాడు. మామ్మనీ, ఇక్కడ పుట్టిన కూతుర్నీ తీసుకెళ్ళాడు. మా నాన్న అక్కడే పుట్టాడు. నాన్నకి అయిదేళ్ళప్పుడు యుద్ధం వచ్చి రేవు మీద జపాను వాళ్ళ బాంబులు పడ్డాయి.

ఓడలో ముందుగా తప్పించుకొచ్చిన మా ఊరివాడొకడు వచ్చి, రేవు పక్కన మన వాళ్ళుండే గదుల వరస మట్టిదిబ్బ అయిపోయింది, ఒక్కరూ మిగల్లేదు అని చెప్పాడు. అతను అబద్ధాలకోరు కాదు. చూసినంతవరకూ నిజమే చెప్పాడు. ఆ వేళ మా వాళ్ళు నలుగురూ బజారుకి వెళ్ళారన్న సంగతి అతనికి తెలీదు.

శవం దొరకని మనిషికి మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. సముద్రం మీద బతికేవాళ్ళకి అది తరచూ అవసరం. కొన్నాళ్ళు చూస్తారు. రాకపోతే మనిషంత గడ్డి బొమ్మ కట్టి, పేరు పెట్టి పిలిచి, కాల్చి, పదకొండో రోజు దినం చేస్తారు. మా వాళ్ళకి ఒక అమావాస్య దాకా చూశారు. తర్వాత నాలుగు బొమ్మలు కట్టారు. రెండు పెద్దవి, రెండు చిన్నవి. కులపెద్ద దగ్గరుండి కాల్పించాడు. ఆ తర్వాత వచ్చిన కొత్త అమావాస్యకి, ఉగాది ముందురోజు పెద్దలకి ఆకులు వేసినప్పుడు, మా మామ్మకి కూడా ఒక ఆకు వేసి మెత్తళ్ళనే చిన్న చేపల వేపుడు పెట్టారట.

"నాకు మెత్తల్లంటే ఇష్టమని మా అత్తకి తెలుసునంట. నాను సచ్చినాకే బయటపడింది" అనేది మామ్మ.

ఆ ఎండాకాలం ఆఖర్లో పలాస స్టేషన్లో మామ్మ రైలు దిగింది. చంకలో మా నాన్న. తాతా లేడు, కూతురూ లేదు. రంగం నుంచి పలాస దాకా జరిగినది మామ్మ కథలో ఒకే మాట: "నడిసినాం." అంతే. దాని ముందు బజారులో కొన్న ఎర్ర రిబ్బను గురించి పావుగంట చెప్పేది. దాని తర్వాత పలాసలో ఎవరో పోసిన చోడి అంబలి గురించి పావుగంట చెప్పేది. మధ్యలో కొండలు, అడవులు, నెలల కొద్దీ దారి, అన్నీ ఒక మాటలో దాటేసేది. మా నాన్నని అడిగితే వల కుట్టుకుంటూ, తల ఎత్తకుండా, "గుర్తు నేదు" అనేవాడు. తాతా, ఆ పిల్లా కొండదారిలో రెండు మూడు రోజుల తేడాలో పోయారని మాత్రం అందరికీ తెలుసు. ఆ పైన అడిగితే వల కుట్టే సూది కాస్త గట్టిగా కదిలేది.

ఊళ్ళోకి రాగానే అత్తగారు తలుపేసుకుంది. దినమైన మనిషి గుమ్మంలో నిలబడితే ఎవరైనా వేసుకుంటారు. మూడు రోజులు తల్లీకొడుకుల్ని వలలు ఆరేసే ఇసకలో ఉంచి, కులపెద్ద తీర్పు చెప్పాడు. దినమైనవాళ్ళు ఊళ్ళోకి రావాలంటే మళ్ళీ పుట్టాలి.

పుట్టించారు కూడా. రెండు కర్రల మధ్య పాత వల ఉయ్యాల కట్టి, పాతికేళ్ళ మా మామ్మని అందులో పడుకోబెట్టి, నాలిక మీద ఆముదం చుక్క వేసి, చెవిలో కొత్త పేరు చెప్పారు. ఆ పేరుతో ఆవిణ్ణి ఎవరూ ఒక్కసారి కూడా పిలవలేదు, రంగం అనే పిలిచేవారు. మా నాన్న ఉయ్యాల్లో వేయగానే నిద్రపోయాడట. నెలల తర్వాత మెత్తటి చోటు దొరికింది మరి.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఇప్పుడే పుట్టిన పిల్లకి మొగుడేమిటి? మొగుడు లేనిదానికి వైధవ్యమేమిటి? గాజులు తీయక్కర్లేదన్నారు. కొందరాడవాళ్ళు ఇది అదృష్టమన్నారు, ఆ కొందరే పేరంటానికి పిలవడం మానేశారు. ముత్తయిదువా కాదు, విధవా కాదు. ఊళ్ళో పెళ్ళికాని నాయనమ్మ ఉన్న ఇల్లు మాదొక్కటే.

గాజులతో మామ్మకి పేచీ లేదు. పేచీ దినంతో. ఇక్కడ గడ్డి కాలిన రోజున తాత బతికే ఉన్నాడు, కూతుర్ని భుజాన వేసుకుని నడుస్తున్నాడు. పున్నములు లెక్కపెట్టుకుని మామ్మ అది తేల్చుకుంది. బతికున్న మనుషులకి చేసిన దినం చచ్చాక ఎలా చెల్లుతుంది? మళ్ళీ చెయ్యమంది. ఒక మనిషికి రెండుసార్లు చేస్తే ఇంట్లో ఇంకొకర్ని లాక్కుపోతుందన్నాడు కులపెద్ద. పైగా అడగడానికి నువ్వెవరు, నువ్వు వాళ్ళ తర్వాత పుట్టావు కదా అన్నాడు.

అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆ ఇద్దరికీ ఆకులు పడ్డాయి. ఆవిడ పోయాక మామ్మ వేయనంది. "దినమవ్వనోడికి ఆకేటి?" అనేది. దాంతో మా ఇంట్లో ఏం జరిగినా అదే కారణమైంది. కప్పు కారితే తాత. మేక చస్తే తాత. నాకు గవదబిళ్ళలు వస్తే తాత, వాటితోపాటు జ్వరమొస్తే మేనత్త.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కొత్త అమావాస్య దగ్గర పడుతుండగా, కులపెద్ద కొడుకు తెప్ప మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు.

ఊరంతా ఒడ్డున కూర్చుంది. తర్వాత సగం ఊరు కూర్చుంది. తర్వాత అతని పెళ్ళాం కూర్చుంది. పద్ధతి ప్రకారం అమావాస్యలోగా బొమ్మ కట్టాలి, లేకపోతే ఆకు వేయడానికి లేదు. కులపెద్ద కట్టాడు. కట్టి, వాళ్ళ పశువులశాల చూరులో పెట్టాడు గాని కాల్చడానికి చెయ్యి రాలేదు. ఇవాళ గాలి బాగాలేదనేవాడు. రేపు మంచిది కాదనేవాడు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో అందరి బొమ్మలూ ఏ గాలిలోనైనా కాల్చిన మనిషి.

ఇవేవీ నాకూ మా అక్కకీ పట్టలేదు. అది పిక్కలు రాలే కాలం. జీడిపళ్ళ పులుపు వాసన తోటల నిండా ఉంటుంది, ఆ రసం చొక్కాకి అంటితే చొక్కా చిరిగిపోయినా మరక పోదు. మేము ఒకళ్ళ తోటలో ఒడి నిండా పిక్కలు ఏరాం. ఏరడం అని మేమనేవాళ్ళం, తోటవాళ్ళు ఇంకో మాట అనేవారు. పిక్కలు కాల్చడానికి పగిలిన కుండపెంకు దొరికింది. అగ్గిపెట్టె మామ్మ చుట్టల దగ్గర దొరికింది. ఎండుగడ్డి మాత్రం కావాలి. పశువులశాల చూరులో చక్కగా కట్టిన మోపు ఒకటి ఉందని అక్క చెప్పింది. ఎందుకంత చక్కగా కట్టారో మేము ఆలోచించలేదు. దానికి చేతుల్లాంటివి ఉన్నాయని నేనన్నాను. మోసుకెళ్ళడానికి వీలుగా పెట్టారు అంది అక్క.

బ్రహ్మాండంగా కాలింది. పిక్కలు చిటపటలాడి నూనె కక్కి మండాయి. ఆ పొగ వాసన ఇప్పటికీ పలాసలో ఏ జీడి బట్టీ పక్కనుంచి వెళ్ళినా ముక్కులోకి వచ్చి, పప్పు రుచి కన్నా ముందు వీపు మంట గుర్తుచేస్తుంది. కుండపెంకు ఇసకలో బోర్లించి, రాయితో కొట్టి, వేడి పప్పు తిన్నాం. పెదాలు పొక్కాయి. చేతులు నల్లబడ్డాయి. సాక్ష్యం ఒంటి మీద మోసుకుంటూ ఇంటికొచ్చాం.

మా వెనకాలే కులపెద్ద వచ్చాడు. మామ్మ పెరట్లో రొయ్యపొట్టు దంచుతోంది. రంగంలో నేర్చుకున్న నప్పి అనే పచ్చడి కోసం. రొయ్యల్ని ఉప్పేసి ఎండబెట్టి దంచి, కుండలో మాగబెడుతుంది. ఆ వాసనకి మా పెరట్లోకి సాధారణంగా ఎవరూ రారు. ఆయన వచ్చాడంటేనే సంగతి తీవ్రమని అర్థం చేసుకోవాలి.

"ఎవుడ్రా ఆ బొమ్మ కాల్సింది?"

అక్క వెంటనే నన్ను చూపించింది. ఒక్క రెప్పపాటు కూడా ఆలస్యం చెయ్యలేదు.

మామ్మ రోకలి ఆపింది. నా చేతులు చూసింది. "పిక్కలు కాల్సుకున్నారు బావా. పిల్ల గుంటలు. గడ్డి కనబడింది, అట్టుకుపోనారు."

"గడ్డేటే! నా కొడుకే అది! పేరెట్టి పిలిసినాను దాన్ని! ఆడక్కడ ఎలాగున్నాడో ఏటో, ఈ గుంటడు ఆడికి నిప్పెట్టీసినాడు!"

కర్ర ఎత్తినవాడు దించడం మర్చిపోయాడు. నాకు అప్పుడు తెలిసింది, నేను చేసింది ఏమిటో. జీడిపప్పు కోసం ఒక పెద్దమనిషి కొడుక్కి అంత్యక్రియలు చేశాను.

మామ్మ లేచి ఆయన ముందుకొచ్చింది. చేతులకి రొయ్యపొట్టు, గాజులకి రొయ్యపొట్టు.

"నీ కొడుకేనా?"

"మరేటి?"

"అయితే ఆయేల నువ్వు కాల్సింది నా మొగుణ్ణే. నా గుంటనే. బతికున్నోల్లని కాల్సినావు."

ఆయన కర్ర దించాడు.

"కాదు, ఉత్తి గడ్డే అంటావా? అయితే ఆల్లకి దినమే అవ్వనేదు. ఏదో ఒకటి సెప్పు బావా. రెండూ నువ్వే సెప్పకు."

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. మంచినీళ్ళడిగాడు. అమ్మ తెచ్చి ఇచ్చింది. తాగి, కర్ర మా అరుగు మీదే మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఆ కర్రతోనే తర్వాత మా నాన్న నన్ను కొట్టాడు. మా ఇంట్లో ఏదీ వృథా కాదు.

కొత్త అమావాస్యకి రెండు రోజుల ముందు కులపెద్ద కొడుకు వచ్చాడు. గాలికి తెప్ప ఉత్తరంగా కొట్టుకుపోతే ఒరిస్సా వైపు పడవవాళ్ళు లాగారట. అక్కడ జ్వరపడి, లేచి, ఇచ్ఛాపురం దాకా ఎవరితోనో వచ్చి, అక్కణ్ణుంచి రైలెక్కాడు. భుజాన ఒరియావాళ్ళ తువ్వాలు, నోట్లో నాలుగు ఒరియా ముక్కలు. అడిగినవాడికీ అడగనివాడికీ ఆ ముక్కలు వినిపించాడు.

సంతోషాలు అయ్యాక అనుమానాలు మొదలయ్యాయి. పేరు పెట్టిన బొమ్మ కాలింది కదా. అంటే పోయినట్టే కదా. ఎవరో పెద్దవాళ్ళు వల ఉయ్యాల సంగతి ఎత్తారు. ముప్పై ఏళ్ళవాడు, మీసాలున్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఉయ్యాల అనగానే ఒరియాలో ఏదో అన్నాడు. అర్థం కాలేదు గాని మంచి మాట కాదు. అతని పెళ్ళాం పుస్తెలు పట్టుకుని ఏడుపు అందుకుంది. వాడు మళ్ళీ పుడితే తనెవరు?

కులపెద్ద ఊరందరి మధ్యా లేచాడు. "ఉయ్యాలా వొద్దు, గియ్యాలా వొద్దు. గుంటలు పిక్కలు కాల్సుకున్నారు. గడ్డి గడ్డే."

మామ్మ గుంపు వెనకనుంచి, "ఇంకోపాలి సెప్పు బావా" అంది.

ఆయన తల దించుకున్నాడు. "గడ్డి గడ్డేనే."

మామ్మ ఇంటికొచ్చింది. వాకిట్లో కూర్చుని గాజులు తీసింది. పగలగొట్టలేదు. ఒక్కొక్కటే నెమ్మదిగా తీసి అక్క చేతికి తొడిగింది. అవి పెద్దవై మోచేతి దాకా జారి, మళ్ళీ వేళ్ళ మీదకి జారాయి. మా అమ్మ ఏడుస్తుంటే మామ్మకి చిరాకొచ్చింది.

"ఏడుపెందుకే? నాను మల్లీ పుట్టనేదంట. అయితే ఆడు నా మొగుడే. ఆ గుంట నా గుంటే. నవ్వుతావో ఏడుత్తావో తేల్చుకుని ఏడువు."

పెద్దయ్యాక నేను టెక్కలిలో ఏళ్ళ తరబడి చరిత్ర పాఠం చెప్పాను. పుస్తకంలో ఆ యుద్ధానికి పేజీన్నర ఉండేది. ఎవరు ఎవరి మీద ప్రకటించారు, ఎవరు ఏ పత్రం మీద సంతకం పెట్టారు. రంగం నుంచి లక్షలాది మంది మన వాళ్ళు నడిచి వచ్చారనీ, వాళ్ళలో ఎంతోమంది దారిలోనే ఉండిపోయారనీ ఒక వాక్యమైనా లేదు. పరీక్షలో అడగనిది పిల్లలకి చెబితే, "సార్, ఇది ఇంపార్టెంటా?" అనేవారు. కాదు, రాసుకోకండి అనేవాణ్ణి. తప్పు పిల్లలది కాదు. మా ఇంట్లో కూడా ఆ దారికి ఒక్క మాటే ఉండేది కదా. అందుకే ఆ కొత్త అమావాస్య ముందురోజు ఉదయం ఒడ్డున విన్నది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మామ్మ రెండు బొమ్మలు కట్టింది. కులపెద్ద గడ్డి తెచ్చిచ్చాడు. కడతానన్నాడు, మామ్మ చెయ్యి వేయనివ్వలేదు. పెద్ద బొమ్మ కట్టాక, చిన్న బొమ్మని దాని పక్కన పెట్టకుండా, భుజం మీద కూర్చోబెట్టి తాడు చుట్టింది. పద్ధతి అది కాదని ఎవరో అన్నారు. "ఆల్లలాగే ఎల్లినారు" అంది. నేను అక్క వెనకాల, నల్లటి చేతులు నిక్కరు జేబుల్లో దాచుకుని నిలబడ్డాను. ఆ వేళ నన్ను గడ్డి దరిదాపులకి రానివ్వలేదు.

నిప్పు పెట్టాల్సినవాడు మా నాన్న. కొడుకు కాబట్టి, తమ్ముడు కాబట్టి. కాగడా పట్టుకుని నిలబడ్డాడు. నిప్పు పెట్టే ముందు ఎలాంటి చావో చెప్పాలి. నీళ్ళలో పోయినవాడికి ఒక వరస, పాము కరిచినవాడికి ఒకటి, జబ్బుకి ఒకటి. కులపెద్ద అడిగాడు. అడగడం ఆయన పని. ఈసారి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ సావమ్మా?"

మామ్మ సముద్రం వైపు చూసింది. ఆ మాట చెప్పడానికి ఎదురుగా అన్ని నీళ్ళుండటం ఆవిడకి నచ్చినట్టు లేదు.

"నీల్లు దొరక్క" అంది.

కులపెద్ద ఆలోచనలో పడ్డాడు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనుషులం. దాహంతో పోయినవాళ్ళకి మా దగ్గర వరస లేదు. ఆయన పక్కనున్న ముసలాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు ఇసక వైపు చూశారు. కాగడా కాలుతూ మా నాన్న చేతి దగ్గరికి వస్తోంది. ఎన్నడూ ఏదీ గుర్తు లేని మా నాన్న అప్పుడు మాట్లాడాడు.

"దొరక్కేటమ్మా. నీల్లున్నాయి. పక్క బాటలో కుండలు వరసగా పెట్టినారు, నాను సూసినాను. ఆ బాట తెల్లోల్లదన్నారు. మనకియ్యనేదు."